పులికంప మళ్లీ చిగురించకుండా తీయడం ఎలా?

మహారాష్ట్రలోని గడ్చిరోలి జిల్లాలో సిరొంచ, అహేరి వైపు పులికంప తీసే పని ఏటా జరుగుతుంది, ఏటా పాడవుతుంది. గొడ్డలితో మొదలు దాకా నరుకుతారు, ఎండాక నిప్పు పెడతారు. వానలు పడగానే ఒక్కో మోడు నుంచి ఐదారు కొమ్మలు లేస్తాయి. కొన్నాళ్లకు పాత పొద కంటే గుబురుగా తయారవుతుంది. ఇదంతా కోయాల్సిన చోట కోయకపోవడం వల్ల వచ్చే నష్టం.

పులికంప అంటే లాంటానా. మరాఠీలో ఘాణేరి, టణ్‌టణి అంటారు. దీని పుట్టిల్లు మధ్య, దక్షిణ అమెరికా. 19వ శతాబ్దం మొదట్లో అందమైన పూలమొక్క అని కలకత్తా బొటానికల్ గార్డెన్‌కు తెచ్చారు. మన దేశంలో పులులు తిరిగే అడవుల్లో 40 శాతానికి పైగా ఇప్పుడు ఇదే పరుచుకుందని 2020లో వచ్చిన ఒక అధ్యయనం లెక్క కట్టింది. ఇది అల్లుకున్న చోట నేలకు ఎండ తగలదు. రాలిన ఆకులోని రసాయనాలు పక్క మొక్కల గింజల్ని మొలవనివ్వవు. ఇప్ప, తునికి, మొర్రి చెట్లు పైకి నిండుగానే కనిపిస్తాయి. కిందికి వంగి చూస్తే వాటి పిల్లమొక్క ఒక్కటీ ఉండదు. గడ్డి లేని అడవిలో దుప్పి నిలవదు. పశువులు మామూలుగా ఈ కంపను ముట్టవు. మేత లేక తిన్నాయంటే కాలేయం దెబ్బతిని, ఎండ తగిలిన చోటల్లా చర్మం పొక్కి ఊడుతుంది.

పనికి ముందు

సామూహిక అటవీ హక్కు వచ్చిన ఊరైతే గ్రామసభ తీర్మానం చాలు, లేకపోతే అటవీశాఖ అనుమతి తీసుకోవాలి. ఇద్దరికి ఒక గుద్దలి, ఒక కొడవలి, ఒక పంగల కర్ర, దళసరి చేతి తొడుగులు కావాలి. గుద్దలి మూతి సన్నగా ఉండాలి, పొద్దున్నే పదును పెట్టాలి. గొడ్డలి తేవద్దు. జేసీబీ అసలే వద్దు: నేలంతా తిరగబడి, అడుగున నిద్రపోతున్న పులికంప గింజలకే ముందుగా వెలుతురు దొరుకుతుంది.

తునికాకు పని అయిపోయి తొలకరి జల్లులు పడ్డాక, ముసురు పట్టకముందు ఉండే రోజులే ఈ పనికి రోజులు. రోహిణి ఎండలో నేల రాయిలా ఉంటుంది, గుద్దలి జారి దెబ్బ పైన పడుతుంది. ముసురులో తీస్తే పొద ఎండదు. దీపావళి దాకా ఆగితే నల్లటి పండ్లు పిగిలిపిట్టల కడుపులో పడి ఎక్కడెక్కడికో చేరిపోతాయి.

పలచగా ఉన్న అంచు నుంచి మొదలుపెట్టి దట్టమైన నడిమికి రావాలి. అందరూ ముందు నడుమున పడతారు, పని ఎక్కువ కనిపిస్తుందని. ఈలోగా అంచున ఉన్న నాలుగు పొదలు నలభై అవుతాయి. వాగు ఒడ్డున, ఏటవాలులో మాత్రం పట్టీలు పట్టీలుగానే తీయాలి. ఒక్కసారి బోడి చేస్తే వానకు మట్టి కొట్టుకుపోతుంది.

ముడి కింద కోత

పని మొత్తం ఇక్కడే ఉంది, తొందరపడకండి.

పంగల కర్రతో ఒకరు కొమ్మల్ని పైకెత్తి పట్టుకుంటే, రెండోవారు కూర్చుని మొదలు చుట్టూ ఆకుచెత్త, మట్టి చేత్తో తీసేయాలి. కొమ్మలన్నీ ఒక్కచోట కలిసే చోట బుడిపెలా ఉబ్బిన ముడి కనిపిస్తుంది. దానిపై కొమ్మ నాలుగు పలకలుగా, ముళ్లతో ఉంటుంది. కింద వేరు గుండ్రంగా, నున్నగా, ముల్లంగిలా సన్నబడుతూ దిగుతుంది. కొత్త చిగుళ్లన్నీ పుట్టేది ఆ ముడిలోనే. అందులో ఒక్క ముక్క నేలలో మిగిలినా పొద బతికినట్టే.

కోత ఆ ముడికి కింద, నేల మట్టం నుంచి 3 నుంచి 5 సెంటీమీటర్ల లోతున, అంటే రెండు మూడు వేళ్ల లోతున పడాలి. గుద్దలిని నిలువుగా కాకుండా పక్క నుంచి ఏటవాలుగా దించాలి. లేత పొద ఒక్క దెబ్బకు తెగుతుంది. మణికట్టంత వేరుంటే చుట్టూ తిరుగుతూ మూడు నాలుగు దెబ్బలు వేయాలి. అంతకంటే లోతుకు పోవద్దు. వేరంతా పెకలించాలన్న పట్టుదల వల్ల ఒళ్లు నొప్పులు, గుల్లబారిన నేల తప్ప ఒరిగేదేమీ లేదు. ముడి పోయిన వేరు దానంతటదే కుళ్లిపోతుంది.

ప్రతి పొదనూ ఎత్తి అడుగు చూడాలి. ముడి చెక్కుచెదరకుండా, దాని కింద వేలెడు వేరు వేలాడుతూ ఉంటే కోత సరిగ్గా పడినట్టు. ముడి చీలి సగమే పైకి వస్తే గుంటలో మళ్లీ వెతికి మిగతా సగం తీయాలి. "తర్వాత చూద్దాం" అని వదిలిన సగమే ఆషాఢంలో పచ్చగా కనిపిస్తుంది. ఇంకో మోసం ఉంది. నేలకు వాలిన కొమ్మ కణుపు దగ్గర సొంతంగా వేరు పోస్తుంది. తల్లి పొద తెగినా అది బతుకుతుంది. అందుకే నేలను తాకిన ప్రతి కొమ్మనూ లాగి చూడాలి, రాకపోతే అక్కడ ఇంకో కోత పడాలి.

ఈ పద్ధతిని ఢిల్లీ విశ్వవిద్యాలయంలో ప్రొఫెసర్ సి.ఆర్. బాబు బృందం రూపొందించి 2009లో కరెంట్ సైన్స్ పత్రికలో ప్రచురించింది. దీనికి మందు ఖర్చు లేదు, వాగులో విషం కలవదు. దీన్ని అణచడానికి 1941లో విదేశం నుంచి తెచ్చిన పురుగు ఆకుల రసం పీలుస్తుందే తప్ప పొదల్ని అదుపు చేయలేకపోయింది. ఇక నిప్పు సంగతి: ముడి మట్టిలో భద్రంగా ఉంటుంది, తునికి, ఇప్ప మొలకలు మాడిపోతాయి.

తీసిన తర్వాత

పొదను అక్కడికక్కడే తలకిందులుగా నిలపాలి, వేరు ఆకాశం చూడాలి. పక్కకు పడేస్తే తడి నేల తగిలి మళ్లీ వేరు పోస్తుంది. పండ్లు ఉంటే గుత్తులు తెంపి సంచిలో వేసి, అడవి బయట కాల్చేయాలి.

ఖాళీ అయిన నేలను ఖాళీగా వదిలితే పులికంపో వయ్యారిభామో వస్తుంది. అదే అడవిలో ముందటేడు చలికాలంలో దూసి పెట్టుకున్న గడ్డి గింజలు ముసురు పట్టకముందే చల్లాలి, వెదురు మొక్కలు నాటాలి. పచ్చగా వస్తుందని స్టైలో అనే మేత మొక్క, గినీ గడ్డి, సుబాబుల్ తేవద్దు. స్టైలో, సుబాబుల్ అమెరికా ఖండాలవి, గినీ గడ్డి ఆఫ్రికాది. ఒక పరాయి మొక్కను తీసి ఇంకోదాన్ని దించినట్టవుతుంది.

వానలు మొదలైన ఆరు వారాలకు మొదటి కలుపు. పిట్టలు వాలే పెద్ద చెట్ల కింద ముందు చూడాలి, గింజలు ఎక్కువగా పడేది అక్కడే. జానెడు మొలక తడి నేలలో రెండు వేళ్లతో వస్తుంది. అనుమానం ఉంటే ఆకు నలిపి వాసన చూడండి, గరుకుగా ఉండి ఘాటు కొడితే అదే. వానలు తగ్గేముందు రెండోసారి, ఆ తర్వాత వరసగా మూడేళ్లు ఇలాగే తిరగాలి. ఎంత జాగాలో మూడేళ్లు తిరగగలరో అంతే జాగాలో మొదటి ఏడు గుద్దలి వేయండి.