విన్న పుస్తకం గురించి చెప్పేటప్పుడు నిమిషం కూడా చెప్పండి

దక్షిణ ఒడిశాలోని పర్లాకిమిడి, రాయగడ, గుణుపురం వైపు మన ఇళ్లలో ఒడియా మాధ్యమంలో చదివిన పిల్లలు తెలుగు చక్కగా మాట్లాడతారు గానీ, అచ్చు పుస్తకం చేతికిస్తే అక్షరాలు కూడబలుక్కుంటూ మొదటి పేజీలోనే ఆగిపోతారు. అలాంటివారికి శ్రవణ పుస్తకం, అంటే ఒకరు చదివి రికార్డు చేసిన ఆడియోబుక్, దారి చూపుతుంది. అందువల్ల మిత్రులు కలిసి పెట్టుకునే పఠన పందెంలో పుస్తకాల సంఖ్యను కాక, గంటలను లెక్కించడం మంచిది. రోజుకు 20 నిమిషాలు విన్నా 30 రోజులకు 10 గంటలవుతాయి. చదివేవారూ వినేవారూ ఒకే వరుసలో నిలుస్తారు.

అభిప్రాయం పంచుకునేటప్పుడు రచనను, చదివిన గొంతును విడదీసి చెప్పండి. కథ బాగుండి, ఉత్తరాంధ్ర యాసలో ఉన్న సంభాషణలను పాఠంలా అప్పజెప్పిన సందర్భాలు ఉంటాయి. ఆ లోపాన్ని రచయితకు అంటగట్టడం అన్యాయమని నేను గట్టిగా నమ్ముతాను. శ్రవణ పుస్తకానికి పేజీ సంఖ్య ఉండదు కాబట్టి, నచ్చిన చోట ఆపి, "మూడో భాగం, 14వ నిమిషం, తల్లి ఉత్తరం విప్పే చోటు" అని కాగితం మీద రాసుకోండి. అవతలివారు నేరుగా అక్కడికే వెళ్లి వినగలరు. వేగం పెంచి విన్నట్లయితే ఆ మాట కూడా తప్పక చెప్పాలి, ఎందుకంటే 1.5 రెట్ల వేగంలో చదివి వినిపించేవారు కావాలని ఇచ్చిన విరామాలు కుదించుకుపోయి, నిదానమైన కథ కూడా హడావిడిగా తోస్తుంది.

తెలుగు రాయడం రాని పిల్లల అభిప్రాయాన్ని నిమిషం నిడివి గల వాయిస్ మెసేజ్‌గా తీసుకోండి.