డిజైన్లు కలిపి ఇంటి అలంకరణ – మూడవ పాఠం: జానెడు, బెత్తెడు, గోరంత

గడచిన రెండు పాఠాలలో, ఇంట్లో ఇప్పటికే ఉన్న డిజైన్లను లెక్కపెట్టడమూ, వాటన్నిటినీ కలిపి ఉంచే ఒక రంగును ఎంచుకోవడమూ నేర్చుకున్నాం. ఆ అభ్యాసం చేసినవారికి ఒక సంగతి తెలిసే ఉంటుంది. కొత్తగా ఒక్క గుడ్డముక్క కొనకముందే, విశాఖపట్నంలోని మామూలు రెండు పడకగదుల ఫ్లాటు హాలులో నాలుగైదు డిజైన్లు ఉంటాయి: నేల టైల్స్ మీది చుక్కలు, కిటికీ గ్రిల్లు, గడపకు పసుపు మీద పెట్టిన కుంకుమ బొట్లు, సోఫా గలీబుల పూలు, గోడ మీది క్యాలెండరు. ఆ జాబితాను దగ్గర పెట్టుకొని ఈ పాఠంలో డిజైను పరిమాణం సంగతి చూద్దాం. నా దృష్టిలో ఈ ధారావాహికలో ఇదే అన్నిటికంటె ముఖ్యమైన పాఠం. రంగులు కొంచెం అటూ ఇటూ అయినా పరిమాణాలు కుదిరితే గది చూడ ముచ్చటగానే ఉంటుంది. పరిమాణాలు కుదరనప్పుడు మాత్రం రంగులు ఎంత కలిసినా గది గజిబిజిగానే కనిపిస్తుంది.

కొలవడానికి టేపు అక్కరలేదు, చెయ్యి చాలు. గుడ్డ మీద కంటికి ఒక్కటిగా కనిపించే రూపాన్ని, అది పువ్వు కావచ్చు, గడి కావచ్చు, లతలో ఒక మెలిక కావచ్చు, చేత్తో కొలవండి. బొటనవేలి కొస నుంచి చిటికెనవేలి కొస దాకా వస్తే అది జానెడు, అంటే దాదాపు 9 అంగుళాలు. నాలుగు వేళ్ల వెడల్పుకు సరిపోతే అది బెత్తెడు, సుమారు 3 అంగుళాలు. గోరుతో కప్పగలిగితే అది గోరంత, అర అంగుళమో అంతకు తక్కువో. రెంటికీ మధ్య పడేవాటిని దగ్గరగా ఉన్న కొలతలో చేర్చుకుంటే చాలు. ఇందులో మరీ చాదస్తం పనికిరాదు.

ఈ మూడు కొలతలూ మూడు వేర్వేరు పనులు చేస్తాయి. పది అడుగుల దూరంలో కూర్చొని చూసినప్పుడు జానెడు డిజైను బొమ్మగానే నిలుస్తుంది, గోరంత డిజైను కలిసిపోయి దాదాపు ఒకే రంగు గుడ్డలా కనబడుతుంది, బెత్తెడు డిజైను ఈ రెంటికీ వంతెన అవుతుంది. అందువల్ల మూడు కొలతలూ ఒక్కొక్కటి చొప్పున ఉన్న గదిలో కన్ను ముందు పెద్దదాని మీద ఆగి, తరువాత మధ్యదానికి వచ్చి, దగ్గరకు వెళ్లినప్పుడు చిన్నదాన్ని గమనిస్తుంది. ఒకే కొలతలో ఉన్న రెండు పూల డిజైన్లు పక్కపక్కన ఉంటే, ముందు దేన్ని చూడాలో తేలక కన్ను ఆ రెంటి మధ్యా తిరుగుతూ ఉంటుంది.

ఈ తప్పు నేనూ చేశాను. చీరకు జాకెట్టు గుడ్డ కొనేటప్పుడు మ్యాచింగ్ సెంటర్లో చీర అంచును తానుల పక్కన పెట్టి చూడడం మనకు చిన్ననాటి నుంచీ ఉన్న అలవాటు. అదే అలవాటుతో దివాను మీదికి ఎర్రపూల అద్దకం దుప్పటి కొని, దానికి సరిగ్గా నప్పే ఎర్రపూల పరదాలు వెతికి మరీ తెచ్చాను. రెండూ బెత్తెడు పూలే. కొట్టులో చేతికందే దూరంలో చూసినప్పుడు అద్భుతంగా ఉన్నవి, ఇంట్లో పది అడుగుల నుంచి చూసేసరికి ఒకదానిలో ఒకటి కలిసిపోయాయి. చూడడానికి వచ్చిన మా పెద్దమ్మ, "దివాను ఎక్కడ అయిపోయిందే, పరదా ఎక్కడ మొదలయిందే?" అని అడిగింది. కొత్తగా ఏమీ కొనకుండానే అది సరిదిద్దాను: పరదాలు పడకగదికి వెళ్లాయి, హాలు కిటికీకి అంచు తప్ప వేరే డిజైను లేని తెల్ల నూలు పరదా వచ్చింది.

ఏ పనితనం నుంచి ఏ కొలత వస్తుందో తెలిస్తే కొనడం తేలికవుతుంది. పెడన, మచిలీపట్నం కలంకారీ చెక్క అచ్చులతో అద్దేది. అచ్చు చేత్తో పట్టుకొనేది కనుక విడి పువ్వులు ఎక్కువగా బెత్తెడు కొలతలోనే ఉంటాయి, అనేక అచ్చులను చేర్చి అద్దిన చెట్టో పెద్ద లతో మాత్రం జానెడు దాటుతుంది. శ్రీకాళహస్తి కలంకారీని కలంతోనే గీస్తారు కనుక దానికి అచ్చు హద్దు లేదు. అయితే అందులో పురాణగాథలే ఎక్కువ. శ్రీరామ పట్టాభిషేకం ఉన్న గుడ్డను గోడకు వేయాలి కాని, కూర్చొనే చోట పరిస్తే ఇంటికి వచ్చిన పెద్దలు నిలబడే మాట్లాడి వెళ్లిపోతారు. తేలియా రుమాలు డిజైన్లలో ఎరుపు, నలుపు, తెలుపు గళ్లు ప్రధానం. అందులో నూలుకు ముందే ముళ్లు కట్టి రంగు వేసి ఆ తరువాత నేస్తారు కనుక గడుల అంచులు కాస్త చెదిరినట్టుంటాయి, ఆ చెదరడం వల్లనే పదునైన గీతలున్న అద్దకం పక్కన అది పోట్లాట లేకుండా ఒదిగిపోతుంది. సన్నగళ్ల మంగళగిరి నూలు గోరంత కొలతకు నమ్మకమైన గుడ్డ.

మన పక్కనే వరాహ నది ఒడ్డున ఉన్న ఏటికొప్పాక బొమ్మలను కూడా డిజైన్ల లెక్కలో చేర్చాలి. 2022లో జరిగిన జిల్లాల విభజన తరువాత ఆ ఊరు అనకాపల్లి జిల్లాలోకి వెళ్లినా, అలమరల్లో ఆ బొమ్మలు లేని విశాఖ ఇళ్లు తక్కువ. అంకుడు కర్రను తిరుగుడు యంత్రం మీద తిప్పుతూ లక్క రంగు అద్దుతారు కనుక వాటి మీద సహజంగా చుట్టు చారలే వస్తాయి. చారలు పూలతోనూ పొసగుతాయి, గళ్లతోనూ పొసగుతాయి. హాలులో ఏదో వెలితిగా ఉందనిపిస్తే ఇంకో గుడ్డ కొనకుండా మూడు బొమ్మలను ఒకచోట చేర్చి చూడండి.

ఒక ఉదాహరణ కూర్పు చూద్దాం. హాలు 10 అడుగుల వెడల్పు, 14 అడుగుల పొడవు. గోడలు లేత గోధుమ రంగు. రెండవ పాఠంలో ఎంచుకొన్న కలిపే రంగు ఎర్రమట్టి దిబ్బల ఎరుపు. దివాను మీద జానెడు లతలున్న పెడన దుప్పటి వేయండి. గదికి జానెడు డిజైను ఒక్కటే చాలు, రెండవది వద్దు. దివాను మీద రెండు దిండ్లకు తేలియా గళ్ల గలీబులు, బెత్తెడు కొలతలో. సోఫా దిండ్లకు సన్నగళ్ల మంగళగిరి. దుప్పటిలోని ఎరుపు ఒక్కొక్క గుడ్డలో ఎక్కడో ఒకచోట, సన్నగీతగానైనా, కనిపించాలి. భోజనంలో ఆవకాయ ఎంత వేసుకొంటామో జానెడు డిజైను కూడా అంతే. అన్నం స్థానం గోడకూ నేలకూ తెల్ల పరదాకూ ఇవ్వాలి.

సముద్రం వైపు, అంటే తూర్పు వైపు కిటికీ ఉన్న ఇళ్లకు మరొక లెక్క ఉంది. పొద్దున్నే ఏటవాలుగా వచ్చే ఎండ గ్రిల్లు నీడను నేల మీద జానెడు గళ్లుగా పరుస్తుంది, దానికి కింద మళ్లీ పెద్దగళ్ల జంపఖానా పరిస్తే రెండు వలలు ఒకదాని మీద ఒకటి పడినట్టుంటుంది. అక్కడ సాదాదో సన్నచారలదో నూలు జంపఖానా వేయండి. అదే ఎండకు సహజ రంగుల కలంకారీ త్వరగా వెలుస్తుంది, కనుక దాన్ని కిటికీకి ఎదురుగా కాక పక్కగోడ వైపు ఉంచడం మేలు. దట్టమైన తివాచీలు మన ఊరి గాలి తేమకు వానాకాలంలో ముక్క వాసన పట్టుకొంటాయి. దులిపి ఎండలో వేయగలిగినవే నాకు ఇష్టం.

ఈ వారం అభ్యాసం. మీ జాబితాలోని ప్రతి డిజైనుకూ ఎదురుగా జానెడు, బెత్తెడు, గోరంత అని రాయండి. ఒకే కొలతలో ఉండి పక్కపక్కన ఉన్నవాటి కింద గీత గీసి, వాటిలో ఒకదాన్ని వేరే గదికి మార్చండి. మార్చడానికి ముందొకటి, తరువాతొకటి, పది అడుగుల దూరం నుంచి ఫోన్లో ఫోటో తీసి, రెంటినీ నలుపు తెలుపులోకి మార్చి చూడండి. రంగు తీసేస్తే పరిమాణం ఒక్కటే మిగులుతుంది. కొత్తగా కొనదలచుకొంటే ముందు అరమీటరు గుడ్డ మాత్రమే తెచ్చి, పిన్నీసుతో దిండుకు గుచ్చి, రెండు పగళ్లు, రెండు రాత్రులు ట్యూబ్‌లైటు కింద కూడా ఉంచి చూడండి. ఆ ఫోటోలను తుడిచివేయకండి. పరదా మడతలు జానెడు డిజైనును బెత్తెడుగా ఎలా కుదిస్తాయో నాలుగవ పాఠంలో వాటి మీదనే చూస్తాం.