పాలు మానిన పందిపిల్లలకు మొక్కజొన్న బదులు ఏమి పెట్టాలి?

కోళ్లదాణా వాళ్లు, ఇథనాల్ మిల్లుల వాళ్లు పోటీపడి కొంటుంటే, బెంగళూరు దగ్గరి హోసకోటె పక్కన చిన్న పందుల షెడ్డు నడిపే నాలాంటి వాడికి మొక్కజొన్న ధర ఎందుకు దిగుతుంది? అందుకే మొక్కజొన్న తగ్గించి నూకలు, రాగుల మీద పడ్డాను. ఇక్కడ చెప్పేది పెద్ద పందుల గురించి కాదు. తల్లి నుంచి వేరుచేసిన ఆరేడు కిలోల పిల్లల గురించి.

మొదటి పీట నూకలకే. పాలకు అలవాటుపడిన కడుపులో గింజల పిండిని అరిగించే ఎంజైములు ఇంకా చాలవు. నూకల్లో పీచు తక్కువ, తేలిగ్గా అరుగుతాయి. ముక్కిన వాసన ఉంటే మాత్రం ఎంత చవకైనా కొనకండి.

బెంగళూరు చుట్టుపక్కల రాగిముద్ద తిననివాడు లేడు కాబట్టి, పందిపిల్లలకూ రాగులే పోద్దామంటారు. దాణాలో పదో వంతు దాటనివ్వకండి. రాగుల్లో పీచు ఎక్కువ, ఎర్రవాటిలోని టానిన్లనే వగరు పదార్థాలు మాంసకృత్తులను సరిగా అరగనివ్వవు. కాల్షియం ఉందిగదా అని ఖనిజ మిశ్రమం మానేసేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. 100 గ్రాముల రాగుల్లో ఉండేది సుమారు 340 మిల్లీగ్రాములు. దాణాలో పదో వంతు వేస్తే దక్కేది 34. పిల్లకు 100 గ్రాముల దాణాలో కావలసింది 700 పైమాటే.

రాగి గింజ చిన్నది, మరలో నలగకుండా జారిపోతుంది. పేడ కాస్త టీ జల్లెడలో వేసి నీళ్లతో కడగండి. ఎర్రటి గింజలు మిగిలితే మీ డబ్బు అక్కడే కనబడుతుంది. మరలో జల్లెడ మార్పించండి. మరీ మెత్తనైతే దుమ్ము లేచి పిల్లలు తుమ్ముతాయి, కాస్త నీళ్లు చిలకరించి పెట్టాలి.

100 కిలోలకు నా లెక్క: నూకలు 30, మొక్కజొన్న 25, రాగులు 10, సోయాచెక్క 25, ఎండుచేపల పొడి 6, ఖనిజ మిశ్రమం 2, నూనె ఒకటిన్నర, ఉప్పు అర కిలో. చేపల పొడి ఉప్పగా ఉంటే ఉప్పు వద్దు. పైన 200 గ్రాముల లైసిన్ పొడి. మాంసకృత్తుల్లో ఉండే అమైనో ఆమ్లం ఇది, ఏ ధాన్యపు గింజలోనైనా మొదట కొరవడేది అదే. మాంసకృత్తులు దాదాపు 20 శాతం వస్తాయి.

పాత దాణాలో కొత్తది కలుపుతూ వారం రోజుల్లో మార్చండి. పారుడు మొదలైతే పెంచడం ఆపండి, తగ్గకపోతే పశువైద్యుడిని పిలవండి.

జొన్నలైతే కొనేముందు నమిలి చూడండి, నాలుక వగరెక్కితే వద్దు. సజ్జల్లో నల్లటి పొడుగాటి ముక్కలు కనిపిస్తే అది ఎర్గాట్ బూజు, ఆ బస్తా తిప్పి పంపండి. నగరంలోని బీరు తయారీ చోట్ల చవకగా దొరికే బార్లీ పిప్పికి ఆశపడకండి. అంత పీచు, అంత తడి ఈ వయసు కడుపుకు పడదు. పెద్ద పందులకు పెట్టండి, అదీ తెచ్చిన రోజే.