ఇష్యూలకు లేబుల్ పెట్టడం, వాటిని మూసివేయడం ఎలా?

విజయనగరంలో కొందరు ఇంజనీరింగ్ విద్యార్థులు రైళ్ల వేళలు చూపే యాప్‌ను గిట్‌హబ్‌లో (ప్రోగ్రామ్ కోడ్ ఉంచుకుని కలిసి పనిచేసే వెబ్‌సైట్) నిర్వహిస్తున్నారనుకుందాం. “ఆమదాలవలస అని వెతికితే ఏమీ రావడం లేదు” అని ఒక ప్రయాణికుడు అక్కడ ఇష్యూ, అంటే సమస్యను తెలిపే నమోదు, తెరిచాడు. శ్రీకాకుళం వెళ్లేవారు దిగే స్టేషన్ ఆమదాలవలసలోనే ఉన్నా, రైల్వేవారు దానికి పెట్టిన పేరు శ్రీకాకుళం రోడ్.

ముందుగా ఆ సమస్య మీ ఫోన్‌లోనూ వస్తోందేమో చూడండి. రాకపోతే యాప్ వెర్షన్ ఏదో, ఏమి టైప్ చేశారో అడిగి, జవాబు వచ్చేవరకు ఇష్యూకు “వివరాలు కావాలి” అనే లేబుల్ (తగిలించే గుర్తుచీటీ) ఉంచండి.

తరువాత రకం తేల్చాలి. శ్రీకాకుళం రోడ్ అని టైప్ చేసినా స్టేషన్ రాకపోతే అది నిస్సందేహంగా బగ్, అంటే ప్రోగ్రామ్‌లోని లోపం. ఆ పేరుతో వస్తూ, ఊరి పేరుతో మాత్రమే రాకపోతే ఎన్‌హాన్స్‌మెంట్ (మెరుగుదల) అనడమే సరైనది. అయితే ఎన్‌హాన్స్‌మెంట్ అన్నంత మాత్రాన దానిని వెనక్కి నెట్టకూడదు. జిల్లాలో ఎందరో ఆ స్టేషన్‌ను ఆమదాలవలస అనే పిలుస్తారు కనుక దీనికి ప్రాధాన్యం ఎక్కువే. రకానికి, ప్రాధాన్యానికి వేర్వేరు లేబుళ్లు ఉండవలసింది ఇందుకే.

అదే సమస్యపై మరొక ఇష్యూ ఉంటే, ముందు వచ్చినదా వెనక వచ్చినదా అని చూడకుండా, వివరాలు బాగా ఉన్నదానిని తెరిచి ఉంచి, రెండవదానిలో దాని సంఖ్య రాసి డూప్లికేట్‌గా మూసివేయండి.

సవరణ సిద్ధమయ్యాక పుల్ రిక్వెస్ట్ (ఆ మార్పును కోడ్‌లో కలపమని చేసే అభ్యర్థన) వివరణలో ఆంగ్లంలో ఫిక్సెస్ అని, పక్కన హ్యాష్ గుర్తుతో ఇష్యూ సంఖ్య రాస్తే, ఆ మార్పు డిఫాల్ట్ బ్రాంచ్‌లో (కోడ్ ప్రధాన శాఖలో) కలిసిన వెంటనే ఇష్యూ తనంతట తానే మూతపడుతుంది. అప్పటికి కొత్త వెర్షన్ ప్రయాణికుడి ఫోన్‌కు చేరి ఉండదు కాబట్టి, ఏ వెర్షన్‌లో వస్తుందో ఒక వాక్యం తప్పక రాయండి.

సవరించకుండా మూసేటప్పుడే ఎక్కువ శ్రద్ధ కావాలి. 1998లో వచ్చిన బగ్‌జిల్లా అనే బగ్‌ల నమోదు సాఫ్ట్‌వేర్‌లో ఇన్‌వాలిడ్ (చెల్లదు), వోంట్‌ఫిక్స్ (సవరించం), వర్క్స్‌ఫర్‌మీ (నా దగ్గర పనిచేస్తోంది) అని కారణాలు విడివిడిగా ఉండేవి. గిట్‌హబ్‌లో నాట్ ప్లాన్డ్ (చేసే ఆలోచన లేదు) అని ఎంచుకోవచ్చు. ఏది ఎంచుకున్నా ఆ ఒక్క మాట చాలదు. “స్టేషన్ పేర్లు రైల్వే డేటా నుంచి వస్తాయి, ఊళ్ల పేర్లు చేర్చి సరిచూసేందుకు ఇప్పుడు మనుషులు లేరు” అని రాస్తే, ఆ పేర్లు తెలిసిన పలాస కుర్రాడో బొబ్బిలి ఉపాధ్యాయురాలో ముందుకు రావచ్చు. కొంతకాలం ఎవరూ పలకలేదని బాట్‌తో (తనంతట తానే పనిచేసే ప్రోగ్రామ్‌తో) ఇష్యూను మూయించే పద్ధతి నాకు సమ్మతం కాదు, ఎందుకంటే మౌనం వల్ల బగ్ పోదు.

మూసిన తరువాత అదే లోపం మళ్లీ కనిపించిందని ఎవరైనా రాస్తే పాత ఇష్యూనే తిరిగి తెరవండి. లక్షణం ఒకటే అయినా కారణం వేరని తేలితే కొత్తది తెరిచి, పాతదాని సంఖ్యను అందులో పేర్కొనండి.