తొలకరి ఉరుములకి ముందే పీఎల్‌సీ ప్యానెల్ ఒకసారి చూసుకోండి

మే నెలాఖరు వచ్చిందంటే సాయంత్రం పూట గాలివాన, ఉరుములు మొదలైపోయినట్టే. రైస్ మిల్లు అయినా, ఫార్మా యూనిట్ అయినా, రొయ్యల ప్లాంట్ అయినా ఇప్పుడు చాలా చోట్ల మెషిన్ నడిపేది అరచేతి సైజు పీఎల్‌సీనే, అంటే ఏ మోటార్ ఎప్పుడు తిరగాలో ప్రోగ్రామ్ ప్రకారం చెప్పే చిన్న కంప్యూటర్, సీమెన్స్ ఎస్7-1200 గానీ డెల్టా గానీ మిత్సుబిషి ఎఫ్‌ఎక్స్ గానీ. వానాకాలంలో ఇవి ఎక్కువగా పోయేది లోపల చెడిపోయి కాదండి, బయట నుంచి వచ్చే వైర్ల వల్ల. కాబట్టి చూడాల్సింది కూడా ఆ వైర్లనే.

దానికంటే ముందు బ్యాకప్. రాసినాయన దగ్గర ప్రోగ్రామ్ ఉందిలే అని ఊరుకోవద్దు, ఆయన దగ్గరున్నది పాతదై ఉండొచ్చు, ల్యాప్‌టాప్‌ని పీఎల్‌సీకి కలిపి, ఇప్పుడు నడుస్తున్నదానితో కంపేర్ చేసి తీసుకోండి. పాస్‌వర్డ్, ఐపీ అడ్రస్, టీఐఏ పోర్టల్ (సీమెన్స్ ప్రోగ్రామింగ్ సాఫ్ట్‌వేర్) ఏ వెర్షనో కూడా రాసి పెట్టుకోండి, వీ17లో చేసిన ప్రాజెక్ట్ వీ16లో ఓపెన్ అవదు. హెచ్‌ఎంఐ, అంటే ఆపరేటర్ ముందుండే స్క్రీన్, దాని ప్రోగ్రామ్ వేరేగా తియ్యాలి. చాలామంది వదిలేసేది ఇంకోటుంది, ఆపరేటర్లు స్క్రీన్ మీద మార్చుకుంటూ వచ్చిన సెట్ పాయింట్లు. కొత్త సీపీయూలో (పీఎల్‌సీ మెయిన్ యూనిట్‌లో) ప్రోగ్రామ్ దింపితే అవన్నీ మొదట రాసిన వాల్యూలకి వెళ్ళిపోతాయి, కనీసం ఆ స్క్రీన్లన్నీ ఫోన్‌తో ఫోటో తీసి పెట్టుకోండి. మిత్సుబిషి ఎఫ్‌ఎక్స్3యూలో ప్రోగ్రామ్ బ్యాటరీ మీద నిలబడుతుంది, బ్యాట్ లైట్ వెలిగితే ఆగొద్దు, బ్యాకప్ తీశాకే మార్చండి, పాత బ్యాటరీ పీకిన 20 సెకన్లలో కొత్తది పెట్టెయ్యాలి.

ఇక వైర్లు. ట్యాంక్ మీద లెవెల్ ట్రాన్స్‌మిటర్, గేటు దగ్గర వే బ్రిడ్జ్, అవతలి షెడ్డులో ఇంకో ప్యానెల్, అసలు డేంజర్ ఇక్కడ. పిడుగు నేరుగా పడక్కర్లేదు, దగ్గర్లో పడినా పొడవాటి కేబుల్లో వోల్టేజ్ పుట్టి అనలాగ్ కార్డ్ (సెన్సర్ రీడింగ్ తీసుకునే పీఎల్‌సీ కార్డు) కొట్టేస్తుంది. బయటికెళ్ళే ప్రతి 4-20 మిల్లీయాంప్ లూప్‌కీ, అంటే సెన్సర్ సిగ్నల్ తెచ్చే వైర్ల జతకీ, సర్జ్ ప్రొటెక్టర్ ఉండాలి, షెడ్డు నుంచి షెడ్డుకి ఈథర్‌నెట్ రాగి కేబుల్ అయితే ఫైబర్‌కి మార్చించండి. ఎర్తింగ్ సరిగ్గా లేకపోతే సర్జ్ ప్రొటెక్టర్ ఉన్నా లేనట్టే, ఎండాకాలం ఎర్త్ పిట్ ఎండిపోయి ఉంటుంది, నీళ్ళు పోయించి రీడింగ్ తీయించండి.

ఒక్కటి గట్టిగా చెప్తున్నా. వానలకి ముందు ఎలక్ట్రీషియన్లు కేబుళ్ళకి మెగ్గర్ (ఎక్కువ వోల్టేజ్ ఇచ్చి ఇన్సులేషన్ చూసే మీటర్) పెడతారు, మంచిదే, కానీ పీఎల్‌సీ వైపు టెర్మినల్ విప్పకుండా మాత్రం పెట్టనివ్వొద్దు. 24 వోల్టుల ఇన్‌పుట్ మీదకి 500 వోల్టులు వెళ్తే ఆ కార్డు ఇక లేవదు. రెండు వైపులా విప్పించి, మీరు పక్కనే నిలబడండి.

తేమ సంగతి. మెయిన్ ఆపి, లాక్ చేసి, టార్చ్ వేసి గ్లాండ్లన్నీ (కేబుల్ ప్యానెల్లోకి దిగే చోట బిగించేవి) ఒక్కొక్కటే చూడండి. కేబుల్ ప్యానెల్ పైనుంచి దిగుతుంటే వాన నీళ్ళు దాన్ని పట్టుకునే లోపలికొస్తాయి, వీలైతే కిందనుంచి తెప్పించండి, కుదరకపోతే గ్లాండ్‌కి ముందు కేబుల్‌ని కిందికి ఒక వంపు తిప్పితే నీళ్ళు అక్కడే కారిపోతాయి. వాడని రంధ్రాలన్నీ మూసెయ్యండి, వానలకి బల్లులు, ఎలుకలు వెచ్చగా ఉందని అక్కడికే చేరతాయి. ప్యానెల్ ఏసీ ఉన్నచోట వాన రోజు తలుపు బార్లా తీసి పెట్టొద్దు, చల్లటి మాడ్యూల్ మీద తడిగాలి తగిలి చెమ్మ పడుతుంది. ఎస్7-1200 పైనా కిందా 25 మిల్లీమీటర్లు ఖాళీ వదిలారో లేదో, 24 వోల్టుల సప్లై సీపీయూ టెర్మినల్ దగ్గర నిజంగా ఎంతుందో కూడా అప్పుడే చూసెయ్యండి, 20.4 నుంచి 28.8 లోపల ఉండాలి.

కరెంట్ పోయి వచ్చినప్పుడు ఏమవుతుందో కావాలని ఒకసారి టెస్ట్ చెయ్యండి, మెషిన్ దగ్గర మనుషులు లేకుండా చూసుకుని. మోటార్ దానంతట అది తిరిగితే లాజిక్ మార్చించండి, రీసెట్ నొక్కితేనే స్టార్ట్ అవ్వాలి, జామ్ తియ్యడానికి కన్వేయర్‌లో చెయ్యి పెట్టిన మనిషి ఉండొచ్చు. ఎమర్జెన్సీ స్టాప్ ప్రోగ్రామ్‌ని నమ్ముకుని ఉండకూడదు, హార్డ్‌వైర్ చేసి ఉండాలి, అంటే పీఎల్‌సీతో పని లేకుండా నేరుగా వైర్లతోనే మెషిన్ ఆగాలి.

స్పేర్ సీపీయూ బీరువాలో ఉంటే సరిపోదు, ఆర్డర్ నంబర్, ఫర్మ్‌వేర్ కలిసేదై ఉండాలి, ప్రోగ్రామ్ దింపి ఒకసారి రన్‌లో పెట్టి చూడండి.

ఇంత చేసినా ప్యానెల్లో నీళ్ళు పడితే, ప్రొడక్షన్ వాళ్ళు ఎంత ఒత్తిడి పెట్టినా తడి మీద పవర్ ఇవ్వొద్దు. వైర్లు ఫోటో తీసి, మాడ్యూల్స్ విప్పి పక్కన పెట్టండి, ప్యానెల్ హీటర్ పెట్టి బాగా ఆరనిచ్చి, టెర్మినళ్ళు చూసి, స్పేర్‌తో మొదలుపెట్టండి.