సెట్టుకు ముందు అరగంట: క్లబ్బు టెన్నిస్‌లో ఆట పెరగాలంటే

నెల్లూరు, కావలి, ఒంగోలు, ఏ ఊరి క్లబ్బులో చూసినా తెల్లవారుజామున వరస ఒకటే. అయిదు నిమిషాలు నాకింగ్ (ఒళ్లు వేడెక్కడానికి ఊరికే బంతి కొట్టుకోవడం), వెంటనే డబుల్స్ సెట్టు, ఓడిన జంట బయటికి, కాచుకున్న జంట లోపలికి. కాలక్షేపానికి బాగానే ఉంటుంది, ఆట మాత్రం పెరగదు. 6-4 సెట్టులో ఒక్కొక్కరికి సర్వీసు వచ్చేది రెండు గేములో మూడో. సర్వీసు నెట్టుకు తగిలితే పార్ట్‌నర్ ‘బ్యాడ్ లక్ సార్’ అంటాడు గానీ, టాస్, అంటే సర్వీసుకు బంతిని పైకి వెయ్యడం, తప్పిందని చెప్పడు. అందుకే జనం చేరకముందు అరగంట కోర్టు దొరికేలా చూసుకోండి. మార్కరు, అంటే సభ్యులతో ఆడుతూ ఆట నేర్పే క్లబ్బు ఉద్యోగి, ఉన్న క్లబ్బయితే ఆ అరగంటకు ఆయన్ని మాట్లాడుకోండి. ఖరీదైన కొత్త రాకెట్టు కన్నా ఆ డబ్బే ఎక్కువ పనికొస్తుంది.

దిగగానే నెట్టు చూడండి. మధ్యలో 3 అడుగులు, స్తంభాల దగ్గర మూడున్నర అడుగులు ఉండాలి. టేపు లేకపోతే ఒక రాకెట్టును నిలువుగా నిలబెట్టి, దాని మీద ఇంకో రాకెట్టు తలను అడ్డంగా ఆనించండి. అంగుళం అటూ ఇటూగా 3 అడుగులు వస్తుంది. మన దగ్గర మధ్య పట్టీ వదులై నెట్టు ఎగిరి ఉండటమో, తీగ సడలి కుంగి ఉండటమో మామూలే. కుంగిన నెట్టు మీద అలవాటైన సర్వీసు పక్క ఊరి టోర్నమెంటులో నెట్టుకే తగులుతుంది.

అరగంటలో సగం సర్వీసుకే ఇవ్వండి. ముందు బంతి లేకుండా పట్టు సరిచేసుకోవాలి. సుత్తితో మేకు కొట్టేటప్పుడు పిడి ఎలా పట్టుకుంటామో రాకెట్టునూ అలాగే, అంచు కిందికి ఉండేలా పట్టుకోండి. ఫోర్‌హ్యాండ్ పట్టుతోనే సర్వీసు చేసేవాళ్లు క్లబ్బుల్లో చాలామంది. ఆ పట్టుతో బంతికి స్పిన్ సరిగా రాదు, రెండో సర్వీసు ఎప్పటికీ తోపుడుగానే ఉండిపోతుంది.

తర్వాత టాస్. కుడిచేతి ఆటగాడయితే ఎడమ పాదం బొటనవేలికి ఒక అడుగు ముందు రాకెట్టును నేల మీద పరచండి. బంతిని అరచేతిలో కాకుండా వేళ్ల కొసల్లో పట్టుకుని, మోచెయ్యి వంచకుండా చెయ్యి పైకి లేపి, కళ్ల ఎత్తుకు రాగానే వదిలెయ్యండి. మణికట్టు తిప్పితే బంతి గిరగిరా తిరుగుతుంది, ఎటుపోతుందో తెలియదు. చెయ్యెత్తితే రాకెట్టు కొస అందే చోటుకు జానెడు పైకి వెళ్తే చాలు. కొట్టకుండా కింద పడనివ్వండి. పదిసార్లు వేస్తే ఏడుసార్లు తీగల మీద పడేదాకా సర్వీసు జోలికి పోవద్దు.

సర్వీసులు వరసగా నెట్టుకు తగులుతుంటే టాస్ మరీ ముందుకు పోతోంది, లేదా కొట్టేముందే తల దించేస్తున్నారు. గీత దాటి పోతుంటే టాస్ నెత్తి మీదికో వెనక్కో పడుతోంది. రెండో సర్వీసులో చెయ్యి వేగం తగ్గించకండి. అదే వేగంతో బంతిని కింది నుంచి పైకి రాస్తూ కొడితే నెట్టు మీద రెండు అడుగుల ఎత్తులో దాటి, గీతలోపలే దిగుతుంది.

సాయంత్రం ఆడేవాళ్లకు గాలి ఇంకో లెక్క. సముద్రపు గాలి తూర్పు, ఆగ్నేయాల నుంచి వస్తుంది. కోర్టులు మామూలుగా ఉత్తర దక్షిణాలుగా వేస్తారు కనుక మనకది అడ్డగాలి. టాస్ ఎత్తు తగ్గించండి, తూర్పు గీతకు కాస్త దగ్గరగా గురిపెట్టండి.

మిగిలిన పావుగంట క్రాస్ కోర్టు, అంటే మూల నుంచి ఎదుటి మూలకు, కొట్టుకోండి. సింగిల్స్ కోర్టు నిలువు 78 అడుగులు, మూల నుంచి మూలకు 82 అడుగుల పైనే. నెట్టు కూడా మధ్యలో అరడుగు తక్కువ. తప్పుకు చోటు ఎక్కువున్న దారి అదే. సర్వీసు గీతకీ బేస్‌లైనుకీ (కోర్టు చివరి గీత) మధ్య నాలుగు ఖాళీ డబ్బాలు పెట్టి, వాటిని దాటించడమే పనిగా పెట్టుకోండి. ఎదుటివాళ్లు బంతిని కొట్టే క్షణంలో ఇద్దరూ రెండు కాళ్ల మీద చిన్నగా ఎగిరి దిగాలి. ఈ ఒక్కటీ చాలామంది బంతికి ఆలస్యంగా చేరడాన్ని సగం నయం చేస్తుంది.

రోహిణి కార్తెలో ఏడున్నర దాటాక ఆడటం మొండితనమే. పడమటి గాలి మొదలైందంటే ఆపెయ్యండి. కోర్టు ఎండ్ మారినప్పుడల్లా గ్లాసుడు నీళ్లు, గంట దాటితే ఉప్పేసిన మజ్జిగో ఓఆర్ఎస్సో తాగాలి. రాకెట్టును ఎండలో నిలిపిన కారులో వదిలితే తీగల బిగువు పోతుంది. వారానికి ఎన్నిరోజులు ఆడితే ఏడాదికి అన్నిసార్లు తీగలు మార్చడం పాత లెక్క. మోచేతి బయటివైపు నొప్పి మొదలైనవాళ్లు గట్టి పాలియెస్టర్ తీగలు తీసేసి, మెత్తని తీగలు 50 పౌండ్ల దగ్గర వేయించుకోవాలి. నొప్పికి అసలు కారణం తరచుగా బ్యాక్‌హ్యాండ్ ఆలస్యంగా, మణికట్టు వంచి కొట్టడం. పట్టీ కట్టుకుని అలాగే ఆడితే అది తగ్గదు.

మట్టి కోర్టు ఉన్న క్లబ్బుల్లో రోలరు పని కుర్రాడి మీదే వదిలెయ్యకండి. సాయంత్రం ఆట అయ్యాక నీళ్లు చల్లి, పొద్దున్నే బొటనవేలితో నొక్కి చూడాలి. గుర్తు పడి, వేలికి మట్టి అంటకపోతే రోలరు లాగే సమయం అది. తడిగా ఉండగా లాగితే మట్టి పెచ్చులుగా రోలరుకు అంటుకుని గుంటలు పడతాయి. ఎండిపోయాక లాగితే పైపైన దుమ్మే అణుగుతుంది, బౌన్సు సరిగా రాదు.

అక్టోబరు, నవంబరు వానల్లో అల్పపీడనం పడితే కోర్టు వరసగా కొన్ని రోజులు మూతపడుతుంది. అప్పుడు గోడే దిక్కు. గోడ మీద 3 అడుగుల ఎత్తున సుద్దతో గీత గీసి, పాత బంతితో ఇరవై అడుగుల దూరం నుంచి వాలీలు (బంతి నేల తాకకముందే కొట్టడం), ముప్పై అయిదు నుంచి ఫోర్‌హ్యాండు కొట్టుకోండి. తడిసిన బంతిని మాత్రం వాడొద్దు, నీళ్లు పట్టి బరువెక్కుతుంది, మోచెయ్యి పట్టేస్తుంది.