ఆఫీసు గదిలోని మంచి స్పీకర్లకు యాంప్లిఫైయర్ కొనే ముందు

దసరా, దీపావళి తగ్గింపులు దగ్గరపడుతున్నాయి. ఖరీదైన స్పీకర్లు ఇప్పటికే తెచ్చుకున్నవారు యాంప్లిఫైయర్‌కు డబ్బు కట్టే ముందు ఇవి చూసుకోండి.

– అన్నిటికన్నా ముందు ఓమ్‌లు, అంటే కరెంటుకు స్పీకర్ ఇచ్చే అడ్డు. అది తగ్గేకొద్దీ యాంప్లిఫైయర్ మీద భారం పెరుగుతుంది. స్పీకర్ వెనుక 8 ఓమ్‌లు అని ఉన్నా, కొన్ని స్వరాల దగ్గర అది బాగా పడిపోతుంది. కెఫ్ ఎల్‌ఎస్50 మెటా 8 ఓమ్‌ల స్పీకరే, కానీ 3.5 వరకు దిగుతుంది. 4 ఓమ్‌ల భారం మోయగలనని చెప్పని యాంప్లిఫైయర్ అక్కడ వేడెక్కి ఆగిపోవచ్చు. శక్తి చాలక ధ్వని చీలుతున్నా శబ్దం పెంచుతూ పోతే ముందు కాలిపోయేది ట్వీటరే, అంటే స్పీకర్‌లో సన్నని స్వరాలు పలికే చిన్న భాగం. దాన్ని మార్చడం చాలా ఖర్చు.

– అమెరికా నుంచి బంధువులు తెచ్చేదైతే వోల్టేజీ చూడండి. 120 వోల్టుల పెట్టెను మన 230కి తగిలిస్తే ఆ క్షణమే పోవచ్చు.

– వాట్ల కోసం పరుగెత్తకండి. 50 నుంచి 100కి వెళ్లినా పెరిగేది 3 డెసిబెల్సే, చెవికి కొద్దిపాటి తేడా. మీటరు దూరంలో కూర్చుని, పక్కవారికి ఇబ్బంది లేకుండా వినడానికి కొన్ని వాట్లు చాలు.

– పాట ఆపి, ట్వీటర్ దగ్గర చెవి పెట్టండి. హాల్లో వినిపించని బుస బల్ల దగ్గర రోజంతా వేధిస్తుంది. నా దృష్టిలో వాట్లకన్నా ఇదే ముఖ్యం.

– ఆప్టికల్ ఇన్‌పుట్, అంటే కరెంటు తీగతో కాక కాంతితో పాటను అందుకునే దారి, ఉందా? కంప్యూటర్ ఎర్త్ నుంచి వచ్చే గుయ్‌మనే మోత ఆ దారిలో రాదు.

– యాంప్లిఫైయర్లలో క్లాస్ ఏ అనే రకం ఊరికే ఉన్నా వేడెక్కుతుంది. చిన్న గదికి తక్కువ వేడెక్కే క్లాస్ డీ రకం నయం.